పాత ఫ్లాటు మీద నేను మనసు పడ్డాను, మావారు తుప్పు చూపిస్తున్నారు

ప్రశ్న: మాది విజయనగరం. మావారికి విశాఖలో ద్వారకానగర్ దగ్గర బ్యాంకు ఉద్యోగం. ఆరేళ్లుగా అద్దె ఇళ్లలోనే ఉంటున్నాం, ప్రస్తుతం మధురవాడలో. ఇప్పుడు సొంతానికి ఫ్లాటు తీసుకుందామని తిరుగుతున్నాం. మధురవాడలోనే కొత్త గేటెడ్ కమ్యూనిటీలో ఒకటి చూశాం. లిఫ్టులు, జిమ్ము, పార్కు అన్నీ ఉన్నాయి. ఇంకొకటి లాసన్స్ బే కాలనీలో, 1995లో కట్టిన అపార్ట్‌మెంట్‌లో రెండో అంతస్తు. ఆ వీధిలోకి అడుగుపెట్టగానే నాకు ప్రాణం చల్లబడింది. రెండు పక్కలా చెట్లు, పైన కలిసిపోయిన కొమ్మలు, నడిచి వెళ్లేంత దూరంలో సముద్రం. మావారేమో పార్కింగ్‌లో పైకప్పు పెచ్చులు ఊడిన చోటు, తుప్పు పట్టిన గ్రిల్స్ ఫోటోలు తీసుకుని రోజూ అవే చూపిస్తున్నారు. "చెట్లు చూసి ఎవరైనా ఇల్లు కొంటారా?" అంటున్నారు. మా అత్తగారికి డెబ్భై రెండేళ్లు. మోకాళ్ల నొప్పులు, ఆయాసం. అమ్మాయి ఇంటర్ చదువుతోంది. రెండిటి రేటూ ఇంచుమించు ఒకటే. ఇంట్లో టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు, విశాఖపట్నం

సమాధానం:

మీవారి ఫోటోలు చూసి విసుక్కోకండి. ఆయన తీసినవి తీయాల్సిన ఫోటోలే. అలాగని మీరు ఆ వీధిలో నిలబడి ముచ్చట పడటమూ తప్పు కాదు. ఇద్దరూ ఒకే ఇల్లు చూసొచ్చారు, ఆయన పైకప్పు చూశారు, మీరు బయట చూశారు. నేను పెదవాల్తేరులో ముప్ఫై ఏళ్లుగా ఉంటున్నాను. మీ ఇద్దరి గొడవా మా ఇంట్లో ఎన్నిసార్లు జరిగిందో లెక్కలేదు.

ముందు నా సలహా చెప్పేస్తాను. ఆ ఫ్లాటు ఇప్పుడే కొనకండి, అలాగని ఆ కాలనీని వదులుకోకండి. వీలైతే అదే వీధిలో, కాకపోతే పక్క వీధిలో, పదకొండు నెలల అగ్రిమెంటుతో అద్దెకు దిగండి. ఎలాగూ అద్దే కడుతున్నారు కదా, ఆ అద్దెతోనే ఒక మే నెల, ఒక అక్టోబరు అక్కడ గడపండి. ఎందుకో ఒక్కొక్కటే చెబుతాను.

తుప్పు సంగతి. సముద్రం పక్కన ఇనుము బతుకే వేరు. మా వంటింటి కిటికీ గ్రిల్లుకి రెండేళ్లకోసారి గీకించి, రెడ్ ఆక్సైడ్ కొట్టించి, రంగు వేయిస్తాం. బద్ధకించిన ఏడాది వేలితో గోకితే చాలు, పొరలు పొరలుగా లేచి వస్తుంది, పాలలో ముంచిన బిస్కెట్ లాగా. ఏసీ బయటి యూనిట్‌ని మొదట సముద్రం వైపు గోడకి పెట్టించాం. నాలుగో ఏడు కాయిల్‌కి చిల్లు పడి గ్యాస్ అంతా పోయింది. వచ్చిన మెకానిక్ కుర్రాడు దాన్ని చూడకముందే, "సముద్రం సైడేనా మేడమ్?" అన్నాడు. రెండోది పడమర గోడకి మార్చాం, ఎనిమిదేళ్లు దాటినా ఇంకా నడుస్తోంది. ఉప్పు తుంపర ఎక్కువగా పడేది మొదటి వరస ఇళ్ల మీదే. మధ్యలో నాలుగు భవనాలు, పది చెట్లు అడ్డు ఉంటే లోపలికి వచ్చేకొద్దీ బాగా తగ్గిపోతుంది. అందుకే బీచ్ రోడ్డు మీద సముద్రం కనబడే ఫ్లాటు నాకెవరైనా తక్కువకి ఇస్తానన్నా ఆలోచిస్తాను. కొన్నప్పుడు ఆ దృశ్యానికి ఒకసారి డబ్బు కడతాం, తర్వాత ప్రతి ఏడూ రంగులకీ తలుపు బందులకీ ఏసీలకీ కడుతూనే ఉంటాం.

గ్రిల్లు మార్చుకోవచ్చు. మార్చలేనిది స్లాబులో ఉన్న ఇనుము. పైకప్పు పెచ్చులు ఎందుకు ఊడతాయంటే, ఉప్పు మెల్లగా కాంక్రీటులోకి దిగి లోపలి చువ్వలను చేరుతుంది. చువ్వకి తుప్పు పడితే ఆ తుప్పు అసలు ఇనుము కంటే చాలా ఎక్కువ జాగా అడుగుతుంది. లోపల జాగా లేదు కాబట్టి కింద ఉన్న కాంక్రీటుని తోసేస్తుంది. మీవారు ఫోటో తీసింది ఆ తోపుడునే. దాని మీద సిమెంటు మెత్తి సున్నం కొట్టేస్తే ఆరు నెలలు కనబడదు, లోపల పని మాత్రం ఆగదు. కాంక్రీటు కట్టడాలకి మన దేశంలో పాటించే ఐఎస్ 456 ప్రమాణం, 2000లో సవరించినది, తీరప్రాంతపు గాలికి గురయ్యే కాంక్రీటు బలం కనీసం ఎం30 గ్రేడు ఉండాలని, చువ్వల మీద 45 మిల్లీమీటర్ల మందం కాంక్రీటు పొర (కవర్) ఉండాలని చెబుతుంది. మీరు చూసిన భవనం దానికి ముందుది. ముందుదంతా చెడ్డదని కాదు. మా పక్కన 1980ల్లో కట్టిన ఇల్లు ఒకటి రాయిలా ఉంది, ఆ తర్వాత పదేళ్లకి కట్టినది ఒకటి రెండుసార్లు రిపేరుకొచ్చింది. కట్టినాయన చెయ్యి ఎలాంటిదో దాన్ని బట్టి ఉంటుంది.

అందుకని చూడాల్సింది మీ ఫ్లాటు లోపల కాదు, అక్కడ అమ్మేవాళ్లు కొత్త రంగు వేయించి ఉంచుతారు. పార్కింగ్‌లో స్తంభాల మొదళ్లు, నీళ్ల ట్యాంకు కింద స్లాబు, బాల్కనీల అడుగు భాగం, మెట్ల కింద మూల చూడండి. చిన్న సుత్తితో మెల్లగా తట్టుతూ పోండి. గట్టి కాంక్రీటు 'టక్ టక్' అంటుంది. లోపల విడిపోయి ఉంటే కుండ మీద తట్టినట్టు బోలుగా వినబడుతుంది. ఆ వయసు భవనంలో అక్కడక్కడా బోలు వినబడొచ్చు. స్తంభాల మీద వినబడితే మాత్రం ఆ ఫ్లాటు మాట మర్చిపోండి. స్ట్రక్చరల్ ఇంజనీరుని పిలిచి పరీక్షలు చేయించడానికి అయ్యే ఖర్చు కొనే ధర ముందు ఏ మూలకీ రాదు. అమ్మేవాళ్లు "అదంతా ఎందుకండీ" అంటే అదీ ఒక సమాధానమే.

ఇంకో కాగితం కూడా అడగండి. అపార్ట్‌మెంట్ అసోసియేషన్ వాళ్లు చివరిసారి పెద్ద రిపేరు ఎప్పుడు చేయించారు, డబ్బు ఎలా పోగు చేశారు, ఎవరెవరు ఇవ్వలేదు అన్నది. నిజానికి సుత్తి కంటే ఇది ముఖ్యం. పదహారు ఫ్లాట్లలో ఆరుగురు అమెరికాలో ఉండి, ఇద్దరు కోర్టులో ఉండి, మిగతావాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకోకపోతే ఆ స్లాబుని ఎవరూ బాగుచేయరు.

నీళ్ల విషయం త్వరగా చెప్పేస్తాను. తీరం పక్క భూమిలో మంచినీళ్లు ఉప్పునీళ్ల మీద తేలుతూ ఉంటాయి, ఉప్పునీళ్లు బరువు కాబట్టి. సముద్ర మట్టానికి పైన ఒక మీటరు మంచినీళ్లుంటే కింద సుమారు 40 మీటర్ల దాకా మంచినీళ్లే ఉంటాయని లెక్క. దీన్నే తిరగేసి చూడండి. అందరూ మోటార్లు పెట్టి లాగి ఆ పై మట్టాన్ని ఒక మీటరు దించితే, కింద నుంచి ఉప్పు ఎంత పైకి వస్తుందో మీకే తెలుస్తుంది. కాబట్టి బోరు నీళ్లు జనవరిలో కాదు, మే చివర రుచి చూడాలి. అద్దెకు దిగమనడానికి ఇదొక కారణం. కుళాయి నీళ్లు రోజూ ఎంతసేపు వస్తాయో అమ్మే ఆయన్ని కాదు, కింద వాచ్‌మన్ భార్యని అడగండి.

ఇక చెట్లు. మీ ఉత్తరంలో నన్ను ఆపింది ఇదే.

2014 అక్టోబరు 12, ఆదివారం. హుద్‌హుద్ తుపాను మన ఊరి మీదే తీరం దాటింది. గాలి వేగం గంటకు 180 కిలోమీటర్ల దాకా. మధ్యాహ్నం కాసేపు గాలి నిలిచిపోయింది. అయిపోయిందనుకుని వీధిలో అందరం గేట్ల దాకా వచ్చి ఒకరినొకరు పలకరించుకున్నాం. తర్వాత ఎదురు దిక్కు నుంచి మొదలైంది. మా ఇంటి ముందు నిద్రగన్నేరు చెట్టు పొద్దున్నుంచీ ఒక పక్కకి వంగి వంగి నిలబడింది, ఆ రెండో దెబ్బకి వేళ్లతో సహా లేచి పడుకుంది. మర్నాడు పొద్దున తలుపు తీస్తే వీధి నిండా ఎండ. అప్పటికి చాలా ఏళ్లుగా ఆ ఇంట్లో ఉంటున్నా, ఎదురింటి వాళ్ల మేడ మీద నీళ్ల ట్యాంకు ఏ రంగో నాకు ఆ రోజే తెలిసింది. పడకుండా మిగిలిన చెట్ల ఆకులు కూడా ఉప్పుగాలికి మాడి కాఫీ రంగుకి తిరిగాయి. కైలాసగిరి వైపు చూస్తే కొండ బోడిగా కనబడింది. కరెంటు లేని రోజులు, నీళ్ల కోసం బిందెలు, పాల పాకెట్టు కోసం క్యూలు, అవన్నీ మెల్లగా సర్దుకున్నాయి. ఎండ మాత్రం సర్దుకోలేదు. ఆ తర్వాతి వేసవి మా వీధిలో మధ్యాహ్నం కూరగాయల బండి కూడా ఆగలేదు, ఆగడానికి నీడ లేదు.

మళ్లీ నీడ ఎలా వచ్చిందంటే, దానంతట అది రాలేదు. మా వీధి చివర రిటైరైన లెక్చరర్ గారొకరు పొగడ, కానుగ, వేప మొక్కలు తెచ్చి నాటించారు. ఆవులు తినకుండా పాత మంచం పట్టీలతో కంచె కట్టారు. రెండు వేసవులు ఆయన లుంగీ పైకి కట్టి బకెట్లు మోసేవారు. మేము మొదట నవ్వుకున్నాం, తర్వాత మేమూ మోశాం. త్వరగా పెరుగుతాయని కొన్ని వీధుల్లో వేరే రకాలు వేశారు. అందులో ఏడాకుల పాల ఒకటి. దాని సంగతి మీ అత్తగారి విషయానికి వచ్చినప్పుడు చెబుతాను.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, మీరు మనసు పడ్డ ఆ నీడ ఆ ఫ్లాటు దస్తావేజులో ఉండదు. ఎమ్వీపీ కాలనీ లోపలి వీధుల్లో గానీ, కిర్లంపూడి లేఅవుట్‌లో గానీ, మీరు చూసిన చోట గానీ, తల ఎత్తి కొమ్మ ఎటు నుంచి వస్తోందో వెనక్కి వెతుక్కుంటూ వెళ్లండి. చాలావాటి మొదలు రోడ్డు మీద ఉండదు. ఏదో పాత సొంతింటి కాంపౌండు గోడ లోపల ఉంటుంది. మామిడి, కొబ్బరి, పనస, బాదం. 1970ల్లో, 80ల్లో స్థలం కొనుక్కుని ఇల్లు కట్టుకున్న ఉద్యోగస్తులు పెంచినవి అవి. వాళ్లిప్పుడు ఎనభైల్లో ఉన్నారు. పిల్లలు బయట దేశాల్లో ఉన్నారు. ప్రతి నెలా బిల్డర్ ఫోన్ వస్తుంది. 'డెవలప్‌మెంటుకి ఇచ్చేశాం' అన్న మాట వినబడిన రెండు నెలలకి రేకుల కంచె లేస్తుంది, ముందు పోయేది చెట్టే. 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం ప్రకారం సొంత స్థలంలో చెట్టు కొట్టాలన్నా అనుమతి తీసుకోవాలి. అనుమతి అడిగేవాళ్లని నేను ముప్ఫై ఏళ్లలో చూసింది వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

అందుకని వీధి ఆ చివర నుంచి ఈ చివర దాకా నడిచి, సొంతిళ్లు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టండి. వాటిలో గేటుకి తాళం వేసినవి ఎన్ని, తులసి కోటలో దీపం ఉన్నవి ఎన్ని. తాళాలు సగం దాటితే మీరు కొంటున్నది ఇంకో ఐదారేళ్ల నీడ మాత్రమే. ఇది మీవారికి అర్థమయ్యే లెక్క, ఆయన బ్యాంకు మనిషి కదా.

ఆయనకి అర్థమయ్యే లెక్కే ఇంకొకటి. ముప్ఫై ఏళ్ల భవనంలో మీరు నిజంగా కొనేది గోడలు కాదు, స్థలంలో మీ వాటా. దస్తావేజులో అన్‌డివైడెడ్ షేర్ ఎన్ని గజాలు రాశారో చూడండి. పాత అపార్ట్‌మెంట్లలో ఇది కొత్తవాటి కంటే బాగా ఎక్కువ ఉండొచ్చు, అక్కడే మీ పాత ఫ్లాటు నెగ్గుతుంది. కానీ పోటు వచ్చినప్పుడు సముద్రం చేరే గరిష్ఠ రేఖ నుంచి 500 మీటర్ల లోపు ఉంటే, తీరం పక్క కట్టడాలని అదుపు చేసే కోస్టల్ రెగ్యులేషన్ జోన్ నిబంధనలు వర్తిస్తాయి. రేపు అందరూ కలిసి పడగొట్టి కట్టుకుందామన్నా ఇష్టమొచ్చినట్టు కట్టనివ్వరు. మీ భవనం ఆ గీత లోపలా బయటా అన్నది కొనకముందే ప్లానింగ్ వాళ్ల దగ్గర తేల్చుకోవాలి. లోను విషయం మీవారికి నేను చెప్పేదేముంది, పాత భవనానికి ఎన్నేళ్లు ఇస్తారో ఆయనకే తెలుసు.

మీ అత్తగారు. మీ ఉత్తరంలో ఆవిడకి ఒక్క వాక్యం ఇచ్చారు. ఇంట్లో ఎక్కువ గంటలు ఉండేది ఆవిడే. ఆ అపార్ట్‌మెంట్ లిఫ్టు ఏ కాలం నాటిది, కరెంటు పోతే జనరేటర్ మీద నడుస్తుందా అన్నది ముందు కనుక్కోండి. రెండో అంతస్తంటే మనకి లెక్కలేదు, మోకాళ్లకి ఉంటుంది. తర్వాత ఆయాసం. ఏడాకుల పాల చెట్టు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా గుత్తులు గుత్తులుగా పూస్తుంది, సాయంత్రమైతే ఘాటు వాసన. కొందరికి బాగానే ఉంటుంది, నాకు తలనొప్పి. ఆయాసం ఉన్న మా తోడికోడలు ఆ రెండు మూడు నెలలు సాయంత్రం కిటికీలు వేసుకునే కూర్చుంటుంది. ఒక్కో కొమ్మ దగ్గర ఏడేసి ఆకులు గొడుగులా ఉంటాయి, గుర్తుపట్టడం తేలిక. మీ బాల్కనీకి ఎదురుగా ఉందేమో చూసుకోండి, ఆవిడ డాక్టర్ గారినీ ఒక మాట అడగండి. అక్టోబరు అక్కడ గడపమన్నది తుపాను కోసమే కాదు.

ఆవిడకి మంచి కూడా ఉంది, అది మధురవాడలో దొరకదు. పొద్దున్నే బీచ్ రోడ్డు మీద నడిచేవాళ్ల కోసం బళ్లు ఆపేస్తారు. అరకిలోమీటరు నడిచి సముద్రం వైపు తిరిగి కూర్చునే ఆవిడ వయసు వాళ్లు అక్కడ వందమంది ఉంటారు. వారం తిరిగేసరికి పేర్లతో పిలుచుకుంటారు. పెదజాలరిపేట నుంచి గంప నెత్తిన పెట్టుకుని వచ్చే చేపలావిడ మీ ఇంట్లో ఎవరికి ఏ చేప ఇష్టమో మీకంటే ముందు నేర్చుకుంటుంది. (మీరు తినేవాళ్లయితేనే. తినకపోయినా మాట్లాడి వెళ్తుంది.) ఎమ్వీపీ రైతుబజారు దగ్గరే. ఆషాఢంలో సింహాచలం గిరిప్రదక్షిణ రోజు 32 కిలోమీటర్లు నడిచే జనం అప్పూఘర్ మీదుగా, ఎమ్వీపీ మీదుగా వెళ్తారు. ఆ రాత్రి కాలనీలో ఎవరూ నిద్రపోరు, మజ్జిగ పోస్తూనే ఉంటారు. దీనికి వెనకవైపు కూడా చెప్పాలి. ఆదివారం సాయంత్రం, నేవీ విన్యాసాల రోజుల్లో, డిసెంబరు 31న మీ ఇంటికి మీరే చేరలేరు. ఆ రోజుల్లో మా గేటు ముందు ఎవరి కారు ఉంటుందో దేవుడికే తెలియాలి.

మధురవాడని తీసిపారేయడం నా ఉద్దేశం కాదు. కంబాలకొండ అడవి పక్కనే ఉంది, కొత్త భవనం, కొత్త పైపులు. మీ అమ్మాయికి అది నచ్చే ఉంటుంది, ఆమె రెండేళ్లలో ఇంజనీరింగుకి ఎటో వెళ్తుందనుకోండి. మీవారు రోజూ హనుమంతవాక జంక్షన్ దాటుకుని ద్వారకానగర్ వెళ్లి రావాలి, అది ఆయన లెక్కలో ఉందో లేదో అడగండి. ఏడాది తర్వాత కూడా మీరు కొత్తదే కొంటే నేను తప్పనను. చెట్లు అక్కడా పెరుగుతాయి, బకెట్లు మోసేవాళ్లుంటే.

ఇక ఈ వారం చేయాల్సింది. ఆదివారం కాకుండా మామూలు రోజు ఆయన్ని సెలవు పెట్టమని, మధ్యాహ్నం రెండింటికి ముగ్గురూ కలిసి ఆ వీధికి వెళ్లండి. మీవారి చేతికి సుత్తి ఇచ్చి పార్కింగ్‌లోకి పంపండి. వాచ్‌మన్‌ని అడిగి కుర్చీ తెప్పించి అత్తగారికి చెట్టు కింద వేయండి, ఒక అరగంట ఆవిడని ఎవరూ ఏమీ అడగకండి. మీరు తాళం వేసిన గేట్లు లెక్కపెట్టి రండి. రాత్రి భోజనాలయ్యాక ఎవరు ఏం చూశారో, ముందు అత్తగారితో మొదలుపెట్టి, ఒక కాగితం మీద రాయండి. ఆ కాగితం నాకు పంపండి.